చప్పిడి పత్యం

భూపాల్ మాట ముద్దముద్దగా వస్తోంది. ఓపెన్‌కాస్టు గనిలో మొదటి షిఫ్టు ముగించుకుని తూలుతూ వస్తుంటే, తాగాడనుకుని గేటు దగ్గరివాళ్లు నవ్వారట. దవాఖానలో మంచమెక్కించేసరికి చేతులు గజగజ వణుకుతున్నాయి.

"ఎంత తాగిండు?" అన్నాడు డాక్టరు.

"చుక్క ముట్టడు సారూ," అంది భార్య సంతోషి. "మూడేండ్ల కింద మతి చెదిరి, డ్యూటీ బూట్లు, కంచం, చెంబు దారిన పోయేటోళ్లకు పంచిండు. అప్పటిసంది ఈ లిథియం గోలీలే. మళ్ల గా పిచ్చే లేస్తదేమో, ఇంకో గోలీ వెయ్యాల్నా?"

"ఆగమ్మా! గీ మందు ఒంట్ల ఎక్కువైనా గిట్లనే వణుకుతరు. రెండేసి మింగిండా?"

"లేదు, నా చేత్తోనే ఇస్త."

"మరెట్ల ఎక్కువైతది? తిండిల ఏమన్న మార్చిండ్రా?"

సంతోషి అత్త వైపు చూసింది. పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొన్నామధ్య కొడుకు కళ్లు పచ్చబడితే, బసంత్‌నగర్ అవతల పసరు పోసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది పూలమ్మే. ఉప్పు ముట్టకుండా పత్యం ఉండాలన్నాడాయన. బయటికి చెబితే మందు పనిచేయదనీ అన్నాడు. కోడలి చేత ఒట్టేయించుకుని, ఆ మండుటెండల్లో చప్పటి జొన్నగట్క కట్టి కొడుకును డ్యూటీకి పంపింది. పెనిమిటిని కామెర్లే మింగాయి మరి. నోరు తెరిస్తే కొడుకూ అటే పోతాడని ఆమె భయం.

భూపాల్ కాళ్లు ఎగిరెగిరి పడ్డాయి.

"అత్తా! నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త బిడ్డా." పూలమ్మ డాక్టరు చేయి పట్టుకుంది. "పసరు పోయించిన సారూ. ఒక్క ఉప్పుకల్లు ముట్టనియ్యలే."

డాక్టరు సంతోషి చేతిలోని గోలీలు లాక్కున్నాడు. "ఇవి బంద్! ఉప్పు లేక, చెమటలు పోసి, మందు ఒంట్లనే నిలిచి విషమైతున్నది. సిస్టర్, జల్ది సెలైన్ పెట్టు. కరీంనగర్ తోలుదాం, రక్తం కడగాల్సొస్తదేమో."

"కామెర్లు తిరగబెడ్తె?" అంది పూలమ్మ.

"దానికీ మందుంది. ముందుగాల మనిషిని బతకనియ్యి!"

అంబులెన్సు డ్రైవరు తలుపు వేయకముందే పూలమ్మ అందుకుంది: "తాగలే బిడ్డా, నేనే ఉప్పు ఆపిన." కరీంనగర్‌లో బండి ఆగిందో లేదో, ఎదురొచ్చిన నర్సుకూ, స్ట్రెచర్ పట్టినవాడికీ, అడిగినా అడగకున్నా అదే చెప్పింది. "లిథియం గోలీలు మింగుతడు, ఉప్పు నేనే ఆపిన, మీ డాక్టరుకు చెప్పుండ్రి!"

స్ట్రెచర్ మీద భూపాల్ సగం కన్ను తెరిచాడు. "ఒర్రకే... అవ్వా..."

"ఒర్రుత కొడుకా," అంటూ ఆమె ఇంకా గట్టిగా అరుస్తూ స్ట్రెచర్ వెంట పరుగెత్తింది.