ఆఖరి వాక్యం మెకానిక్‌ది

ప్రతి ఆదివారం పొద్దున్నే ముగ్గురూ పాత రంగుల గోడౌన్‌లో చేరేవాళ్లు. తాళంచెవి మేష్టారి దగ్గరుండేది, అందరికన్నా ముందొచ్చేది అతనే కాబట్టి. బళ్లో లెక్కలు చెప్పేవాడు, ఇక్కడ గిటారు వాయించేవాడు. దర్జీ పాడేది. మోటార్లు బాగుచేసే మెకానిక్ డ్రమ్ములు వాయించేవాడు.

పాట కట్టడానికి వాళ్లకో పద్ధతుంది. మాటలు దర్జీవి, బాణీ మేష్టారిది, ఆఖరి వాక్యం మాత్రం మెకానిక్‌ది. "సంగీతం తెలిసినవాడు ముగిస్తే గొప్పలకు పోతాడు. నీకా బాధ లేదుగా" అని మేష్టారు ఏడిపించేవాడు.

ఎవరి మీద పాట కడితే, అది పూర్తయ్యేదాకా వాళ్లు చనిపోరు. ఆఖరి వాక్యం కుదరక మెకానిక్ నాయనమ్మ పదకొండు నెలలు ఎక్కువ బతికింది. ఇది వీధిలో అందరికీ తెలిసిందే. "మా అత్తగారి మీద మాత్రం కట్టకండి నాయనా" అని ఇస్త్రీబండి ఆవిడ ముందే చెప్పిపెట్టింది.

మేష్టారికి క్యాన్సరని తేలిన వారమే మిగతా ఇద్దరూ అతనికి తెలియకుండా అతని మీద పాట మొదలెట్టారు. బాణీ అతను ఎప్పుడో కట్టి వదిలేసినదే. ఆఖరి వాక్యం మెకానిక్ రాయలేదు. స్నేహమంటే అదేననుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. చావు ఆగింది గానీ రోగం ఆగలేదు. మేష్టారు మంచానికి అతుక్కుపోయాడు. మందులు పనిచేయడం మానేశాయి. నొప్పికి ఓర్చుకోలేక పళ్లు కొరికితే రెండు విరిగాయి. డాక్టరు గుమ్మం దగ్గర ఆగి, "పాట ఎంతవరకు వచ్చింది?" అని అడిగి వెళ్లిపోయాడు.

ఓ ఆదివారం ఇద్దరూ చూడ్డానికి వస్తే, మేష్టారు మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు.

"నా మీద పాట కట్టారు కదరా?"

"ఎవరన్నారు?"

"ఒకరనాలా? ఎప్పుడో పోవాల్సినవాణ్ణి. లెక్కలు చెప్పుకుని బతికాను, ఆమాత్రం తెలీదా?"

"దాన్ని ముగించడం నావల్ల కాదు మేష్టారూ. ఇంకేదైనా అడుగు."

"నిద్రపోయి నెలయిందిరా. పడుకోవాలనుంది."

దర్జీ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. మెకానిక్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఒంటరివాణ్ణవుతానన్న భయంతో ఈ మనిషిని రెండేళ్లు నిలువునా కాల్చుకుతిన్నాడు.

మేష్టారి దిండు కింద చెయ్యిపెట్టి గోడౌన్ తాళంచెవి తీసుకున్నాడు. దర్జీని పాడమన్నాడు. కుర్చీ అంచు మీద వేళ్లతో దరువేశాడు. ఆమె ఆగినచోట తనే అందుకున్నాడు.

"తాళంచెవి నా దగ్గరుంది, నువ్వు పడుకో."

"శ్రుతి తప్పావురా" అని మేష్టారు నవ్వి, కళ్లు మూసుకున్నాడు.

తరవాతి ఆదివారం మెకానిక్ అందరికన్నా ముందొచ్చి తలుపు తీశాడు.