గవరమ్మ వేసిన మెలిక

నేను ఒక రాట్నాన్ని. టేకు చక్రం, ఇనప కదురు, రెండింటినీ కలుపుతూ ఒక తాడు, అంతే నేను! చక్రం తిప్పితే కదురు తిరుగుతుంది, దాంతో పత్తికి పురెక్కి నూలవుతుంది. శ్రీకాకుళం వైపు ఒక వడ్రంగి నన్ను గవరమ్మ కోసం చేశాడు. ఆమెది ఎడమచేతి వాటం. నన్ను ఇటుది అటు తిప్పి పెట్టుకుని, తాడుకి మధ్యలో ఎనిమిది అంకెలా ఒక మెలిక వేసుకునేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా!

ఆమె పోయాక పాత సామాన్ల షాపులో తేలాను. షాపాయన నాకు పాలిష్ కొట్టి, "ఎవడో తప్పు కట్టాడు" అని ఆ మెలిక విప్పేసి తాడు తిన్నగా బిగించాడు. అర్థంకానిదాన్ని మనుషులు ఎంత ప్రేమగా బాగుచేస్తారో!

అక్కడ నన్ను కొనుక్కున్నది వకుళ. హైదరాబాద్‌లో ప్రతి ఆదివారం ఒక మేడ మీద పదిమంది చేరి నూలు వడుకుతారు. ఊరికే, సరదాకి! పకోడీలు, కబుర్లు, టీ. అందరివీ కరెంటు రాట్నాలు, చేత్తో తిప్పేదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళకో పద్ధతుంది. ఒకరు ఆపిన దారం కొసకే ఇంకొకరు పత్తి అతికించి వడకాలి, అలా అందరి చేతులూ పడ్డ నూలుతో ఒక శాలువా నేయించాలి.

వకుళ వంతు రాగానే దారం టప్పున ఊడిపోయేది. మూడు వారాలు ఇదే! తను విడిగా వడికింది మాత్రం చక్కగా ఉండేది.

"వకుళా, దీన్ని బాల్కనీలో పెట్టెయ్. మనీప్లాంట్‌కి భలే స్టాండ్!" అన్నాడు సాకేత్, ఒళ్ళో మిషన్ గుయ్యిమంటుంటే.

"ఇవాళ కూడా తెగితే అదే చేస్తా. నేనూ రావడం మానేస్తా, చాలా?" అంది వకుళ. నా సంగతి అడక్కండి, నెత్తిన కుండీ ఎక్కేసినట్టే అనిపించింది.

అతికించింది. ఊడింది.

"ఆగమ్మా," అంది సువర్చల ఆంటీ, పకోడీ పక్కన పెట్టి. "మొన్న నా మిషన్ స్విచ్ రివర్స్‌లో పడితే నాదీ అచ్చం ఇలాగే విడిపోయింది. నీది ఎడమచేతి వాటమా?"

హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు!

"అవునాంటీ. అందుకే రాట్నాన్ని ఇటు తిప్పి పెట్టుకున్నా."

"అదీ సంగతి! మా పురి ఒకవైపు, నీ పురి ఇంకోవైపు. అతికిస్తే నీది మాదాన్ని విప్పేస్తోంది. దీనికి స్విచ్ లేదు కాబట్టి..." అంటూ ఆంటీ నా తాడు ఊడదీసి, మధ్యలో ఒక మెలిక వేసి మళ్ళీ తొడిగింది.

అదే మెలిక! గవరమ్మదే!

వకుళ చక్రం తిప్పింది. నా కదురు రెండోవైపుకి తిరిగింది. దారం అతుక్కుంది, సాగింది, మూరెడు, బారెడు... తెగలేదు. తెగనేలేదు! సాకేత్ మిషన్ ఆపేసి చూస్తున్నాడు.

"నీ మిషన్ వచ్చిన డబ్బా ఉందిగా సాకేత్," అంది వకుళ, చక్రం ఆపకుండా. "మనీప్లాంట్ కింద అది పెట్టు."