ప్రవేశం లభించలేదు

మిసెస్ ఈనిడ్ హాస్లమ్ ఆ ఏడాది మార్చి చివరి వారంలో తన కిరాయిదారులైన హోల్రాయిడ్ దంపతులకు రాసిన ఉత్తరంలో ఐదు వాక్యాలు ఉన్నాయి. మీ ఇంట్లోని గ్యాస్ హీటరును, వంటపొయ్యిని ఏటా తనిఖీ చేయించవలసిన బాధ్యత చట్టప్రకారం నాది. ఏప్రిల్ నాలుగున ఉదయం పది గంటలకు అర్హత గల మెకానిక్ వస్తారు. లోపం కనిపిస్తే ఆ పరికరాన్ని ఆయన అక్కడికక్కడే ఆపివేసి ఎర్ర చీటీ కడతారు. ఎర్ర చీటీ కట్టిన పరికరాన్ని వాడడం నేరం. మీ సహకారానికి కృతజ్ఞతలు.

ఐదింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఆరో వాక్యం ఒకటి రాయవచ్చు: పాతది పనికిరాదని తేలితే మరునాడే కొత్తది పెట్టిస్తాను. అది రాస్తే తలుపు తెరుచుకుంటుందని ఆమెకు తెలుసు. అందుకే రాయలేదు.

మేజిస్ట్రేటు కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా పనిచేసిన మనిషి ఆమె. నిజం చేతిలో ఉండి, కాగితం చేతిలో లేక ఓడిపోయినవాళ్ళను వందల సంఖ్యలో చూసింది. వాళ్ళ మీద ఆమెకు జాలి కలగలేదు. కాగితం మీద గౌరవం కలిగింది. తండ్రి పోయాక బర్న్‌లీలో బాబిన్ స్ట్రీట్ ఇళ్ళు పదకొండు, ఇతర వీధుల్లో మరికొన్ని ఆమెకు, ఆమె తమ్ముడికి వచ్చాయి. పద్నాలుగో నంబరులోని హోల్రాయిడ్‌లు కూడా ఆ ఇంటితోపాటే వచ్చారు. ముప్ఫై మూడేళ్ళ క్రితం, పాత చట్టం కింద, అద్దెకు దిగిన వాళ్ళు. అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం, ఇద్దరిలో ఒకరు బతికి ఉన్నంత కాలం, వాళ్ళను కదిలించే దారి లేదు. వాళ్ళు ఏ సోమవారమూ వారం అద్దె తప్పలేదు. అమ్మబోతే, ఖాళీ ఇంటికి వచ్చే ధరలో సగం కూడా వాళ్ళున్న ఇంటికి రాదు.

అయితే కిరాయి షరతును ఉల్లంఘిస్తే కోర్టుకు వెళ్ళవచ్చు. తనిఖీకి తలుపు తీయకపోవడం ఉల్లంఘన. ఒకసారి జరిగితే న్యాయమూర్తి మందలించి వదిలేస్తాడు. మూడుసార్లు తేదీలతో సహా చూపిస్తే వింటాడు. ఆ వసంతంలో మిసెస్ హాస్లమ్‌కు కావలసింది ఆ ఇంటి తనిఖీ కాదు, మూడు నిరాకరణలు.

క్లిఫర్డ్ హోల్రాయిడ్ ఎందుకు తలుపు తీయడో కూడా ఆమెకు తెలుసు. గడిచిన నవంబరులో పక్కింటి షార్‌పుల్స్ వాళ్ళ హీటరుకు ఎర్ర చీటీ పడింది. ఆమె కొత్త హీటరు పెట్టించేసరికి ఏడు వారాలైంది. ఆ ఏడు వారాలు ముసలాయన కోటు తొడుక్కుని పడుకున్నాడు. నిమోనియాతో ఆసుపత్రికి వెళ్ళాడు. అటునుంచి అటే కూతురి ఇంటికి వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆ ఇల్లు ఇప్పుడు కొత్త చట్టం కింద, రెట్టింపు అద్దెకు నడుస్తోంది.

క్లిఫర్డ్‌కు డెబ్భై నాలుగేళ్ళు. బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య డోరీన్ పడుచుతనంలో నూలుమిల్లులో పనిచేసి, ఆ దూదిధూళిని ఊపిరితిత్తుల్లో దాచుకుని ముసలిదైంది. చలిగాలి తగిలితే ఆమెకు ఊపిరి ఆడదు. ముందుగది గూటిలో, పొగగొట్టం కింద బిగించిన ఆ పాత గ్యాస్ హీటరు ఒక్కటే ఆ ఇంటికి వెచ్చదనం. అది ఆగితే డోరీన్ బతకదని క్లిఫర్డ్ నమ్మాడు. ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, గడియారం వెనక పెట్టాడు.

మెకానిక్ పేరు బారీ టాటర్సాల్. ఏప్రిల్ నాలుగున సరిగ్గా పదికి వచ్చాడు. క్లిఫర్డ్ తలుపు తీయకుండా, ముందుగది కిటికీ అద్దం జానెడు పైకెత్తి మాట్లాడాడు. వెనక కుర్చీలోంచి డోరీన్ గొంతు వినిపించింది.

"ఎవరయ్యా అది? అందంగా ఉంటే లోపలికి రమ్మను. లేకపోతే నువ్వే మాట్లాడుకో."

"గ్యాసతను. అందంగా ఏం లేడు" అన్నాడు క్లిఫర్డ్. తర్వాత బారీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూడు బాబూ, నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు చూస్తావు, బాగాలేదంటావు, చీటీ కట్టి పోతావు. తర్వాత నా పెళ్ళాం ఊపిరికి ఎవరు పూచీ? హీటరు పోతే కొత్తది వెంటనే పెడతానని ఆవిడ చేత ఒక్క ముక్క రాయించుకురా. అప్పుడు తలుపేం ఖర్మ, గోడైనా కూలగొట్టి దారిస్తా."

బారీ చెడ్డవాడు కాదు. ఆ మాట ఉన్నదున్నట్టు మోసుకెళ్ళి మిసెస్ హాస్లమ్‌కు అప్పగించాడు. ఒక్క ముక్క రాసిస్తే ఈ పూటే పని అయిపోతుందని కూడా చెప్పాడు. ఆమె అతనికి టీ పోసింది, బిస్కెట్లు పెట్టింది.

"అంటే ఆయన షరతు పెట్టారన్నమాట" అంది. "తనిఖీకి షరతు పెట్టడం కూడా నిరాకరించడమే, బారీ. ప్రవేశం లభించలేదు అని రాయి."

అతను రాశాడు. పద్నాలుగో నంబరుకు రెండో ఉత్తరం మొదటిదాన్ని తేదీ ఒక్కటే మార్చి దించినట్టు వెళ్ళింది.

ఆ నెలలో డోరీన్‌కు తలనొప్పులు మొదలయ్యాయి. సాయంత్రమయ్యేసరికి కణతలు బిగిసిపోయేవి. తిన్నది ఇమిడేది కాదు. కుర్చీలోంచి లేస్తే గది తిరిగేది. డాక్టరు వైరస్ అన్నాడు, నీళ్ళు బాగా తాగమన్నాడు. ఆదివారం పక్క ఊరు కోన్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తే మధ్యాహ్నానికల్లా తల తేలికయ్యేది, బఠానీల ముద్దతో మాంసం కూరిన రొట్టె మొత్తం తినగలిగేది. ఇంటికి వచ్చిన గంటలో మళ్ళీ మొదలు. "నీ మొహం చూస్తేనే నాకు వికారం వస్తోందయ్యా, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇప్పుడు తెలిసింది" అని మొగుణ్ణి ఆటపట్టించేది. క్లిఫర్డ్ నవ్వేవాడు. ఆమెకు చలి సోకిందనుకుని హీటరును ఇంకొక మెట్టు పెంచేవాడు. అతనికి అంత బాధ లేదు. పగలంతా మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన కూరగాయల మడి దగ్గరే బంగాళదుంపలు నాటుకుంటూ గడిపేవాడు.

రెండోసారి వచ్చినప్పుడు బారీ కిటికీలోంచే ఒక ప్రశ్న అడిగాడు. ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, వికారం, మత్తు ఉంటున్నాయా? ఆ ప్రశ్న వెనక ఏముందో క్లిఫర్డ్‌కు పూర్తిగా తెలియదు. అవునంటే వీధి గొట్టం దగ్గరే గ్యాసు కట్టేస్తారని మాత్రం షార్‌పుల్స్ చెప్పగా విన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని ఉంది.

"లేదు" అన్నాడు. "అంతా బాగానే ఉన్నాం."

ఆ అబద్ధాన్ని నేను క్షమించను. కాని అది ఎక్కడ పుట్టిందో చెప్పకుండా దాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడానికి కూడా ఒప్పుకోను.

మూడోసారి, ఏప్రిల్ ఇరవై ఐదున, ఎవరూ కిటికీ దగ్గరికి రాలేదు. తెరలు వేసి ఉన్నాయి. లోపల టీవీ మోగుతోంది. బారీ మూడుసార్లు తలుపు కొట్టి, వచ్చి వెళ్ళినట్టు కార్డు లోపలికి తోసి, వ్యాను దగ్గరికి నడిచాడు. తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ యథాలాపంగా తల పైకెత్తాడు. పద్నాలుగో నంబరు పొగగొట్టం మీద బూడిదరంగు మెడ గల చిన్న కాకి ఒకటి వాలింది. దాని ముక్కున మూరెడు పుల్ల ఉంది. పుల్లను గొట్టంలోకి జారవిడిచి ఎగిరిపోయింది. వెంటనే ఇంకొకటి వాలింది. బారీ అయిదు నిమిషాలు నిలబడి చూశాడు. పదకొండు పుల్లలు లెక్కపెట్టాడు. ఆ కాకులు గొట్టం అడ్డంపడి నిండేదాకా పుల్లలు పోస్తూనే ఉంటాయని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. హీటరులో పుట్టే విషవాయువుకు బయటికి దారి ఆ గొట్టమే. అది మూసుకుంటే గదిలోకి తిరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి తెస్తుంది.

వ్యానులో కూర్చుని మిసెస్ హాస్లమ్‌కు ఫోన్ చేశాడు.

"మేడమ్, పద్నాలుగో నంబరు పొగగొట్టంలో కాకులు గూడు కడుతున్నాయి."

"నువ్వు ఇంట్లోకి వెళ్ళావా, బారీ?"

"లేదండీ, తలుపు తీయలేదు. రోడ్డు మీద నిలబడితేనే కనిపిస్తోంది. హీటరు పొగంతా అందులోంచే పోవాలి."

"గొట్టం పూర్తిగా మూసుకుపోయిందని నీకు తెలుసా?"

"ఎక్కి చూస్తే గాని తెలీదు."

"తెలియనిది రాయకూడదు. కొట్టావు, తీయలేదు. నీకు తెలిసింది అదే. అదే రాయి."

బారీ ఒళ్ళోని రసీదు పుస్తకం తిరగేశాడు. తర్వాత, గ్యాసు అత్యవసర నంబరుకు చెబితే వాళ్ళే వచ్చి చూస్తారు కదా అన్నాడు. తలుపు తీయకపోయినా లోపలికి వెళ్ళే హక్కు వాళ్ళకుంది.

"చెప్పాలనిపిస్తే చెప్పు. నేను వద్దనను" అంది ఆమె. "ఇంకో సంగతి. వచ్చే ఏడాది ఇళ్ళన్నిటి తనిఖీలూ ఎవరికివ్వాలో ఈ వారమే మా తమ్ముడూ నేనూ కూర్చుని చూస్తున్నాం. నీకు ఏ రోజు ఖాళీ?"

గురువారం ఖాళీ అన్నాడు బారీ.

ఆ అత్యవసర నంబరు అతని రసీదు పుస్తకం ప్రతి పేజీ అడుగునా అచ్చయి ఉంది. దానికి పైసా ఖర్చు కాదు. పేరు కూడా చెప్పనక్కర్లేదు. రేపు చేద్దామనుకున్నాడు. మరునాడు ఒక వేడినీళ్ళ యంత్రం బిగించే పని తగిలింది. గురువారం మిసెస్ హాస్లమ్ ఇంటికి వెళ్ళి, నలభై రెండు ఇళ్ళ పని ఒప్పుకుని వచ్చాడు. ఆ తర్వాత ఫోన్ చేస్తే, ఇన్నాళ్ళు ఎందుకు చేయలేదని అడుగుతారు.

మే మొదటి మంగళవారం వాన పడింది. డోరీన్ ఉదయం నుంచి వణుకుతోంది. మధ్యాహ్నం రెండున్నరకు క్లిఫర్డ్ ఆమె మందుల కోసం బయల్దేరాడు. బయల్దేరే ముందు హీటరును చివరి మెట్టుకు పెంచాడు. కిటికీ సందులో గుడ్డ కుక్కాడు. ఆమె మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, గది తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టాడు. మందుల షాపులో జనం ఉన్నారు. తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది. డోరీన్ బుగ్గలు గులాబీల్లా ఎర్రగా ఉన్నాయి. చాలా ఏళ్ళ తర్వాత ఆమె మొహంలో రంగు వచ్చిందని అతను ఒక్క క్షణం సంతోషించాడు. ఆ వాయువుతో పోయినవాళ్ళ బుగ్గలు అలాగే ఉంటాయి.

మరణ విచారణ సెప్టెంబరులో జరిగింది. పొగగొట్టంలోంచి రెండు బస్తాల పుల్లలు, ఉన్ని, ఎండిన పేడ తీశారని నిపుణుడు చెప్పాడు. మిసెస్ హాస్లమ్ ముదురు నీలం కోటు వేసుకుని వచ్చింది. ఆమె ఫైలులో గతేడాది ధ్రువపత్రం, మూడు ఉత్తరాల నకళ్ళు, వాటిని పోస్టు చేసిన రసీదులు, ప్రవేశం లభించలేదు అని రాసిన మూడు కాగితాలు వరుసగా ఉన్నాయి. విషవాయువును కనిపెట్టి మోగే యంత్రం ఎందుకు పెట్టించలేదని అడిగితే, గ్యాస్ హీటరున్న ఇంటికి అది చట్టం ఇంకా అడగలేదని చెప్పింది. అదీ నిజమే. విచారణాధికారి మూడు ఉత్తరాలూ పైకి చదివి, స్పష్టంగా, మర్యాదగా ఉన్నాయన్నాడు. ఇంటి యజమాని చేయగలిగిందంతా ఆమె చేసిందని నమోదు చేశాడు.

బారీని పిలిచి, మూడుసార్లు వెళ్ళినప్పుడు ఆ హీటరు స్థితి గురించి ఏమి తెలుసుకోగలిగావని అడిగాడు.

"మూడుసార్లూ నన్ను లోపలికి రానివ్వలేదండీ" అన్నాడు బారీ.

తర్వాత క్లిఫర్డ్ వంతు. తలుపు తీయకూడదన్న నిర్ణయం ఎవరిదని అడిగారు. నాదేనన్నాడు. భార్యకు తలనొప్పులున్న సంగతి మెకానిక్ అడిగినప్పుడు చెప్పారా? లేదన్నాడు. ఎందుకు చెప్పలేదు? ఆమెకు చలేస్తుందని, అన్నాడు. రాసుకునే అమ్మాయికి వినిపించక మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు.

బయట నడవాలో బారీ కోటు తొడుక్కుంటూ ఉంటే క్లిఫర్డ్ నెమ్మదిగా అతని దగ్గరికి వచ్చాడు. ఆ రోజు వేసుకున్న టై బస్సు కంపెనీ వాళ్ళిచ్చినది.

"ఒక్క మాట అడగనా, బాబూ? నేను తలుపు తీసుంటే, నీకు ఎంతసేపట్లో తెలిసేది?"

బారీ నేలకేసి చూశాడు.

"ఐదు నిమిషాలు" అన్నాడు. "పొగ వచ్చే పుల్ల వెలిగించి హీటరు దగ్గర పట్టుకుంటాం. గొట్టం లాక్కోకపోతే వెంటనే తెలిసిపోతుంది."

"ఐదు నిమిషాలు" అన్నాడు క్లిఫర్డ్. తల ఊపాడు. "నువ్వు మూడుసార్లు వచ్చావు. నీకైనా పట్టింది మా సంగతి. నిన్ను అన్నిసార్లు ఊరికే తిప్పాను, మనసులో పెట్టుకోకు."

చెయ్యి చాపాడు. నడవా చివర మిసెస్ హాస్లమ్ ఫైలు చంకన పెట్టుకుని, గొడుగు విప్పుతూ, బారీ కోసం ఆగి చూస్తోంది.

"పర్లేదు పెద్దాయనా" అన్నాడు బారీ. ఆ చెయ్యి అందుకుని ఊపాడు.