పావుగంట దేశం

ఆదివారం పొద్దున్నే బావమరిది నిచ్చెన భుజాన వేసుకుని మరీ వచ్చాడు. బడిలో మాస్టారు. ఏ పనైనా తీర్మానం రాసి, దానికింద గీత గీసి గానీ మొదలుపెట్టడు.

గడియారాల మేస్త్రీ అప్పుడే దేవుడి ముందు దీపం పెట్టి లేచాడు.

"బావా, మన ఊరి కమిటీ తేల్చేసింది. ఇవాళ్టి నుంచి మనం తూర్పువాళ్ళమూ కాదు, పడమటివాళ్ళమూ కాదు. మనకి మనమే ఒక దేశం."

"శుభం. దానికి నిచ్చెనెందుకు?"

"దేశమన్నాక సొంత టైము ఉండొద్దూ?"

మేస్త్రీకి నీరసం వచ్చింది. తూర్పు దేశం గడియారం పడమటి దేశం కంటే అరగంట ముందు నడుస్తుంది. మధ్యలో ఉన్న ఈ ఊరిని ఒకరి తర్వాత ఒకరు లాక్కున్నప్పుడల్లా టవర్ గడియారాన్ని అరగంట ఇటో అటో జరపాల్సి వచ్చేది. తండ్రి రెండుసార్లు జరిపాడు, తను రెండుసార్లు. నాలుగుసార్లూ కింద తుపాకీ పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. ఇప్పుడు ఊరు తూర్పువాళ్ళది.

"సరిగ్గా మధ్యలో పెడదాం. ఇప్పటికంటే పావుగంట వెనక్కి," అన్నాడు బావమరిది. "ఎవరి ఎంగిలీ కాని టైము."

"సిపాయిలు ఊరుకుంటారా?"

"వాళ్ళు చేతి గడియారం చూసుకుంటారు. తలెత్తి టవర్ చూసేది మనమే. సాయంత్రం మీటింగులో చెప్పేదాకా ఎవరితోనూ అనకు. అక్కతో కూడా."

"మీ అక్కకి తెలిస్తే దేశం ఆగిపోతుందా?"

"ఆగదు. ఊరంతా తెలిసిపోతుంది."

మేస్త్రీ మోకాళ్ళు రుద్దుకున్నాడు. రేపు చూద్దామనబోయాడు.

"నాలుగుసార్లు వాళ్ళు చెబితే జరిపారు మీ తండ్రీకొడుకులు. ఒక్కసారి మేం అడిగితే బరువైందా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మేస్త్రీ సంచీ తీసుకుని లేచాడు.

టవర్ పైన చివరి మెట్లు విరిగి చాలా ఏళ్ళయింది. బావమరిది నిచ్చెన పట్టుకుంటే మేస్త్రీ ఒక్కో మెట్టు దగ్గరా ఊపిరి తీసుకుంటూ ఎక్కాడు. గంటలు కొట్టే గడియారం ముళ్ళని వెనక్కి తిప్పితే గంటల వరస చెడుతుంది. అందుకని వెనక్కి జరపాలంటే లోలకాన్ని ఆపేసి, ఆ కాస్తసేపూ కాచుకోవాల్సిందే. ఆయన లోలకాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కింద బావమరిది జెండా రంగుల గురించి, పోస్టు బిళ్ళల గురించి చెప్పుకుపోతున్నాడు. మేస్త్రీ కిందికి చూశాడు. తుపాకీ లేదు. చాక్‌పీసు మరకల చొక్కా వేసుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. నాన్న చూసుంటే బాగుండేదనిపించింది. 'స్వామీ, నేను పట్టుకుని ఆపిన ఈ పావుగంట ఎవరి ఖాతాలోది?' అని మాత్రం మనసులో అడిగాడు. పావుగంట కాగానే లోలకం వదిలాడు.

ఆ రోజు నెలలో మొదటి ఆదివారం. పడమటి దేశానికి దాటే వంతెన మీద గేటు తీసే రోజు. కూతుర్ని గేటు రాకముందు పడమటివైపు ఇచ్చారు. ఫోన్లు కలవవు, ఉత్తరాలే దిక్కు. అక్కడి టైము నాలుగింటికి, అంటే తూర్పు టైము నాలుగున్నరకి గేటు తీస్తారు. పది నిమిషాలు ఉంచి మూసేస్తారు. ముందే వెళ్ళి నిలబడితే సిపాయిలు తరిమేస్తారు. కాన్పయ్యాక కూతురు మొదటిసారి వస్తోంది. "పాపని తెస్తున్నానమ్మా" అని రాసింది. ఆ ఉత్తరాన్ని ఆయన భార్య మడతలు చిరిగిపోయేదాకా చదివింది. మూడు నెలల పిల్లకని పసుపుపచ్చ ఊలు చొక్కా అల్లింది.

ఇంట్లో గడియారాలకి కొదవలేదు. కానీ అన్నీ రిపేరుకొచ్చినవే, ఎక్కడ ఆగినవి అక్కడే. ఆవిడ ఎప్పటిలాగే కిటికీలోంచి టవర్ చూసి, నాలుగుంపావు కాగానే చెప్పులేసుకుంది. మొగుడూ పెళ్ళాం పావుగంట నడిచి వంతెన చేరారు.

సిపాయి గేటుకి గొళ్ళెం వేస్తున్నాడు.

"అప్పుడే వేస్తావేం నాయనా? ఇప్పుడేగా తీయాల్సింది?" అంది ఆవిడ.

సిపాయి మణికట్టు చూపించాడు. నాలుగూ నలభై అయిదు. "చాలాసేపు చూసిందమ్మా మీ అమ్మాయి. బస్సు వెళ్ళిపోతుందని కదిలింది."

వంతెన అవతల కూతురి వీపు కనిపించింది. భుజం మీద తెల్లటి మూట, దాని పైన చిన్న టోపీ. ఆవిడ పిలిచింది. గాలి ఎదురు తిరిగింది. కూతురు బస్సెక్కింది.

మేస్త్రీ వెనక్కి తిరిగి టవర్ వైపు చూశాడు. ఊరందరి టైమూ సరిచేసేవాడికి పొద్దున తను చేసిన పని సాయంత్రానికి గుర్తులేకపోయింది.

సగం దారి వచ్చాక చెప్పాడు. ఆవిడ నడక ఆపలేదు.

"ముందే చెబితే పావుగంట ముందు బయల్దేరేదాన్ని కదండీ," అంది. "దేశం పుడితే పుట్టింది. కట్టుకున్నదానికి చెప్పకూడదా?"

టవర్ కింద బావమరిది పదిమందిని పోగేసి మాట్లాడుతున్నాడు. అక్కని చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఒరేయ్, మీ దేశానికి గేట్లెన్నిరా?" అంది ఆవిడ.

"రెండక్కా. తూర్పున ఒకటి, పడమట ఒకటి."

"ఇప్పుడు ఒకటేగా."

అతను ఏదో చెప్పబోయాడు. అక్క చేతిలో పసుపుపచ్చ చొక్కా ఇంకా ఉండటం చూశాడు. చేతిలో ఉన్న తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనిప్పుడే ఎక్కి సరిచేస్తాను," అన్నాడు మేస్త్రీ.

"ఈ మోకాళ్ళతోనా? ఉండనివ్వండి. ఎలాగూ వాళ్ళే వచ్చి జరిపిస్తారు. ఆ నిచ్చెన మాత్రం అక్కడే ఉంచమనండి మావాణ్ణి."

ఇంటికొచ్చి ఆవిడ దీపం పెట్టింది. రోజూ కంటే ముందో, వెనకో, ఆయన అడగలేదు. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని చొక్కా అంచు ముడి విప్పింది.

"అదేంటి, విప్పేస్తున్నావు?"

"వచ్చే నెలకి ఇది పట్టదండీ. పిల్లలు పెరుగుతారు." ఊలు లాగుతూనే అంది. "ఆ రిపేరు గడియారాల్లో నడిచేది ఒకటి చూసి నాకివ్వండి. అమ్మాయి ఊరి టైము పెట్టి."

ఆయన సొరుగు తెరిచి వెతికాడు. దొరికినదానికి కీ ఇచ్చి, ముళ్ళు సరిచేసి, ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని చూడకుండానే, ఆయన చేతులు రెండూ చాపించి, విప్పిన ఊలు వాటికి చుట్టడం మొదలుపెట్టింది.