మధ్య బొమ్మలు

తాళం బయటి నుంచి పడింది. డిపోలో అదే పద్ధతి. ప్రమాదం జరిగిన బస్సు తాలూకు కెమెరా డిస్కును అలమారలోంచి తీశారంటే, విచారణాధికారి వచ్చేదాకా ఆ గదిలోంచి ఎవరూ కదలకూడదు. ఫోన్లు బయట పెట్టేయాలి. ఇంటర్నెట్ లేదు. పెన్‌డ్రైవ్ ఒక్కటి లోపలికి తెచ్చుకోవచ్చు, అదీ మళ్ళీ బయటికి పోకూడదు. ఎవరో ఎప్పుడో ఒక వీడియోను మార్చేశారట, ఆ పాపం ఇప్పుడు మా మెడకు చుట్టుకుంది.

లోపల ముగ్గురం. నేను, మా బావ, స్టోర్ కీపర్. బావ అంటే మా అక్క మొగుడు, ఈ డిపోలోనే డ్రైవరు. స్టాపు పక్కన స్టూలు వేసుకుని కూర్చునే ముసలి గడియారాల మేస్త్రీని బస్సుతో గుద్దాడు. ఆయన బతికాడు గానీ ఒక కాలు తీసేశారు. డ్రైవరు కునికాడని కండక్టరు చెప్పాడు. బావ మాత్రం కునికాననీ అనడు, కునకలేదనీ అనడు. బ్రేకు తొక్కడం గుర్తుంది, దానికి ముందు ఆ కాసేపూ గుర్తు లేదంటాడు. బస్సులో డ్రైవరు మొహం వైపు తిప్పిన కెమెరా ఉంది. అది తీసిన వీడియో తెరుచుకోకపోతే కండక్టరు మాటే చెల్లుతుంది, బావ ఉద్యోగం ఊడుతుంది. "మీ బావని గట్టెక్కించే పూచీ నీదే" అని అక్క నన్ను పంపింది. కంప్యూటర్లతో బతికే చెల్లెలు ఉండీ ఏం లాభం అని కూడా అంది.

వీడియో ఎందుకు తెరుచుకోదంటే, డిపో వాళ్ళు కెమెరాలు కొత్తవి కొన్నారు, కంప్యూటరు మాత్రం తాతల నాటిది ఉంచుకున్నారు. కెమెరా వీడియోను చిన్నదిగా మడిచి దాస్తుంది. ఆ మడత విప్పే సరంజామానే కోడెక్ లైబ్రరీ అంటారు. ఈ లినక్స్ మిషన్లో ఉన్నది పాత లైబ్రరీ, దానికి ఈ కొత్త మడత సరిగ్గా తెలియదు. అందుకే కొత్త లైబ్రరీ సోర్స్ కోడ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. చొక్కా కావాలంటే పత్తి చేతిలో పెట్టినట్టే ఇదీ. మనమే వడికి, నేసి, కుట్టుకోవాలి.

మొదలుపెట్టగానే, కట్టుబడి నడిపించే సీమేక్ పాతదైపోయింది, కొత్తది కావాలంది మిషన్. అదీ తెచ్చాను, నేనేం తక్కువ తిన్నానా? దాన్ని కట్టబోతే కంపైలరు మొరాయించింది. దాన్ని బుజ్జగించి ముందుకెళ్తే, లైబ్రరీకి వేగం తెచ్చే అసెంబ్లర్ ఏదీ అంది. అది తేలేదు. తాళం వేసిన గదిలో కూర్చుని అసెంబ్లర్ ఎక్కణ్ణుంచి పుట్టించను? ఒళ్ళు మండిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు స్టోర్ కీపర్. వచ్చినప్పటి నుంచీ తెర వంకే చూస్తున్నాడు, సినిమా ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు.

"ఒకడు రావాలంటే ఇంకొకణ్ణి పిలవమంటున్నాడండి. వాణ్ణి పిలిస్తే మరొకడు."

"మా ఆఫీసు లాంటిదే అన్నమాట."

బావ నవ్వలేదు. మామూలుగా అయితే నన్ను "ఏమే పిడుగూ" అని ఏడిపించకుండా పూట గడవదు. ఆ రోజు గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ లేని గది. ఫ్యాను గాలి తిరిగి తిరిగి మా మీదికే వస్తోంది.

చివరికి అసెంబ్లర్ వద్దులే అని చెప్పే ఆప్షన్ గుర్తొచ్చింది. లైబ్రరీ నెమ్మదిగా పనిచేస్తుంది, అయినా పనిచేస్తుంది. తెర మీద వరసలు జారడం మొదలైంది. తప్పు లేకుండా పూర్తయింది. ఇన్‌స్టాల్ చేసి, వీడియో నొక్కాను.

బావ మొహం కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వెంటనే తెరంతా బూడిద రంగు. కాసేపటికి మళ్ళీ బావ, కళ్ళు తెరిచే ఉన్నాయి. మళ్ళీ బూడిద. ఆ తర్వాతి బొమ్మలో బస్సు ఆగిపోయి ఉంది, వెనక జనం లేచి నిలబడ్డారు, బావ స్టీరింగు పట్టుకుని నోరు తెరిచి ఉన్నాడు.

"అదిగో," అన్నాడు స్టోర్ కీపర్, "కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి కదా. ఇంకేం కావాలి? అధికారి రాగానే ఇదే చూపిద్దాం."

నాకు అప్పటికే అర్థమైంది. ఇలాంటి వీడియోలో పూర్తి బొమ్మ ఎప్పుడో ఒకటి ఉంటుంది. మధ్యవన్నీ, ముందు బొమ్మకీ దీనికీ తేడా ఏమిటో చెప్పే ముక్కలు. పాత లైబ్రరీ పూర్తి బొమ్మల్ని చూపించి, ముక్కల్ని వదిలేస్తోంది. అంటే లైబ్రరీతో పాటు కట్టిన కొత్త ప్లేయరు ఫైలునైతే తెరిచింది గానీ, మడత విప్పడానికి ఇంకా పాతదాన్నే పిలుస్తోంది. కొత్తదాన్ని లోపల పెట్టాను గానీ, వచ్చిందని సిస్టమ్‌కు చెప్పలేదు. ఎల్‌డీకాన్ఫిగ్ అని ఒక్క మాట కొట్టడం మర్చిపోయాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. ఆ తప్పు బావని కాపాడుతోంది.

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఇలాగే వదిలేస్తే అందరూ ఇంటికి పోవచ్చు.

"మధ్యలోది రాదా?" అన్నాడు బావ.

"లేదు బావా. ఇంతే వచ్చింది."

"లేకపోవడమేంటే? ఆ మధ్యలో నేనున్నాగా."

స్టోర్ కీపర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నీకొచ్చు," అన్నాడు బావ. "నీ మొహం చూస్తే తెలుస్తోంది. చూపించు."

"చూశాక చూడలేదనడానికి లేదు బావా. ఆ అధికారీ చూస్తారు. అక్క నన్ను ఎందుకు పంపిందో తెలుసా నీకు?"

"తెలుసు. చూపించు."

బావ మీద పిచ్చి కోపం వచ్చింది. అక్క మీద, డిపో మీద, ఆ తాళం మీద కూడా వచ్చింది. కాదంటే ఈ మనిషి జీవితాంతం ఈ బూడిద రంగు తెర ముందే కూర్చుంటాడని కూడా తెలిసింది. ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టి, వీడియో మళ్ళీ నొక్కాను.

ఈసారి బూడిద లేదు. అసెంబ్లర్ లేని లైబ్రరీ కదా, బొమ్మ తర్వాత బొమ్మ బరువుగా, ఆలస్యంగా కదిలింది. బావ రెప్పలు వాలాయి. లేచాయి. మళ్ళీ వాలాయి, ఈసారి లేవలేదు. గడ్డం మెల్లగా గుండెల మీదికి దిగింది. నిజానికి ఎంతోసేపు కాదు, మాకు మాత్రం ఎంతకీ తరగలేదు. తర్వాత ఒక్క కుదుపు, కళ్ళు పెద్దవయ్యాయి.

స్టోర్ కీపర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిద్రపోయాను," అన్నాడు బావ. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నిద్రేనే. చూసి కూడా బ్రేకు తొక్కలేదేమో అనుకున్నాను. ఆ ముసలాయన నా కళ్ళలోకి చూస్తున్నట్టు, నేనూ ఆయన్నే చూస్తూ బస్సు పోనిచ్చినట్టు, రోజూ అదే కల. నేను చూళ్ళేదు. ఆయన్ని చూసి గుద్దలేదు నేను."

బయట తాళం తిరిగింది. విచారణాధికారి ఫైలు పట్టుకుని లోపలికి వచ్చి, వీడియో తెరుచుకుందా అని అడిగాడు.

బావ లేచి నిలబడి, చొక్కా సర్దుకున్నాడు.

"తెరుచుకుందండీ," అన్నాడు. "మా మరదలే తెరిచింది. ఎవరి వల్లా కాలేదు, తన వల్ల అయింది."

నన్ను చూసి పొంగిపోతూ అన్నాడు ఆ మాట. నాకు ఏడుపు ఆగలేదు.