మూత్రపిండాల పాఠం

మంచానికి తగిలించిన సంచి అడుగున ఉన్న చిన్న గొట్టం మూత తీసి, మూత్రాన్ని కొలతల జాడీలోకి వదిలి, ఆమె నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. జాడీని స్టూలు మీద కదలకుండా పెట్టి, తల వంచి, కంటిని సరిగ్గా మట్టానికి తెచ్చుకుని గీత చదివింది. పైనుంచి చూస్తే ఒక లెక్క, కిందినుంచి చూస్తే ఇంకో లెక్క. తొమ్మిదేళ్ళుగా ఈ మగవార్డులో ఆయాగా పనిచేస్తూ, ఇన్నాళ్ళూ నిలబడే చూసి చెప్పేసేది. అది తప్పని ఈ చదువులో చేరాకే తెలిసింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు మంచం మీది మనిషి, కళ్ళు తెరవకుండానే.

"అరవై మిల్లీ, మేస్త్రి గారూ."

"నిన్నో?"

"తొంభై."

"లైను మూసుకుపోతోంది," అన్నాడు, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు.

ఆమె జాడీ కడిగి బోర్లించి, చార్టులో అంకె వేసి, అతని కాళ్ళ మీది దుప్పటి తొలగించింది. పాదాలు ఉబ్బి, చర్మం సాగదీసిన గుడ్డలా నిగనిగలాడుతోంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కి వదిలింది. గుంట పడింది. అది పూడేదాకా లెక్కపెడదామని మొదలుపెట్టి, ఇరవై దగ్గర మానేసి దుప్పటి కప్పేసింది.

అతను నలభై ఏళ్ళు ఇళ్ళల్లో కుళాయిలు, పైపులు బిగించి బతికినవాడు. వేళ్ళ కణుపులు లావు. కుడి బొటనవేలికి సగం గోరే ఉంది. భార్య పోయింది, పిల్లలు లేరు. పక్కింటివాళ్ళెవరో తెచ్చి దింపి వెళ్ళి పదహారు రోజులైంది. మళ్ళీ ఎవరూ తొంగిచూడలేదు. మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. యంత్రం పెట్టి రక్తం శుభ్రం చేద్దామంటే గుండె తట్టుకోదని డాక్టరు తేల్చేశాడు.

తొంగిచూసేవాళ్ళ మాటకొస్తే ఆమెదీ అంతే. పదో తరగతి పాసైన వేసవిలో తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. అన్న అప్పటికే వేరే ఊళ్ళో కాపురం పెట్టాడు. "ఒక్క ఏడాది చూడవే, తర్వాత నేను తీసుకెళ్తా," అన్నాడు. ఆ ఒక్క ఏడాది పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో తల్లి ఒంటి మీద ఒక్క పుండు కూడా పడనివ్వలేదు. రెండు గంటలకోసారి ఎటు తిప్పాలో, వీపు కింద ఏది మడతపెట్టి పెట్టాలో ఎవరూ నేర్పలేదు, చేతులే నేర్చుకున్నాయి. తల్లి పోయాక ఆ చేతులను చూసే ఆసుపత్రివాళ్ళు పనిలో పెట్టుకున్నారు. పిల్లలు పిన్నీ, అత్తా అని పిలిచే వయసు వచ్చేదాకా పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చాక ఎత్తడానికి ఎవరూ లేరు.

పెద్ద సిస్టర్ ఒకరోజు ఆమె ఒక రోగిని పక్కకు తిప్పడం చూసి, "చేతులకొచ్చిన పని కాగితానికి కూడా రావాలి. పోయి చదువుకో," అంది. ఆయాలు నర్సు చదువుకు వెళ్ళాలంటే ముందు ఒక ఏడాది సైన్సు పాసు కావాలి. అక్కడే బండి ఆగింది. గ్లోమెరులస్, నెఫ్రాన్, అల్డోస్టెరోన్ అంటుంటే నాలుక మడతపడేది. పొయ్యి పైన గోడకు చీటీలు అంటించుకుని, గరిట తిప్పుతూ చదివేది. నాలుగు చీటీలు నోటికొచ్చేసరికి మొదటిది ఆవిరైపోయేది. నిరుడు నోటి పరీక్షలో నూటికి ముప్పై ఒకటి వచ్చాయి. యాభై కావాలి. ఈసారీ తప్పితే ఇంక అవకాశం లేదు.

అసలు లోపం బుర్రలో లేదని ఆమెకు ఈ మధ్యే అర్థమైంది. జిరాక్స్ షాపు పైనున్న తన ఒంటిగదిలో, పాఠం అప్పజెబితే వినే మనిషి లేడు. మాట పోయినా అమ్మకు చెవి పోలేదు. బజారులో కూరల సంగతి నుంచి పక్కింటి పిల్లి సంగతి దాకా ఆమె చెబుతూ ఉంటే కళ్ళతో ఊఁ కొట్టేది. ఇప్పుడు ఊఁ కొట్టడానికి గోడ ఉంది. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఉన్నా ఏం లాభం, మారు ప్రశ్న వేయవు.

మేస్త్రి వేశాడు. చేరిన నాలుగో రోజు టీ విరామంలో ఆమె అతని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గొణుక్కుంటుంటే, "అమ్మాయ్, ఏంటా జపం?" అన్నాడు.

"మూత్రపిండాల పాఠం, మేస్త్రి గారూ."

"నావి ఎటూ పోయినట్టేగా. ఉన్నప్పుడు ఏం చేసేవో చెప్పు, విందాం."

రోజుకు నూట ఎనభై లీటర్లు వడపోస్తాయనీ, అందులో లీటరున్నరో రెండో బయటికి పంపి మిగతాదంతా తిరిగి రక్తంలోకే తీసుకుంటాయనీ చెప్పింది. మేస్త్రి కళ్ళు తెరిచాడు.

"నూట ఎనభై లీటర్లా! పది బిందెలు తోడి చెంబుడు పారబోయడానికా? ఎవడమ్మా ఈ లైను వేసింది, వాడికి పని వచ్చా?"

ఆమెకు నవ్వాగలేదు. అవతలి మంచం రోగి కూడా తల ఎత్తి చూశాడు. మర్నాడు పొద్దున దుప్పటి మార్చడానికి వస్తే మేస్త్రే మాట కదిపాడు. "ఆలోచించా. వాడికి పని వచ్చు. మా ఆవిడ అలమర అలాగే సర్దేది. పనికిరానిది ఏదో వెతుక్కుంటూ కూర్చోదు. మొత్తం బయట పడేసి, కావలసింది ఒక్కోటీ లోపలికి తెచ్చుకునేది. మిగిలింది చెత్త."

ఆ రోజు గదికి వెళ్ళి చీటీ చూడకుండా పాఠం మొత్తం రాసింది. నెఫ్రాన్ ఒక్కచోట కూడా తప్పు పోలేదు.

ఇవాళ మధ్యాహ్నం నోటి పరీక్ష. ఒళ్ళు తుడిచి, పెదాలకు తడిగుడ్డ అద్ది, దిండు సర్దుతుంటే మేస్త్రి గొంతు పెగుల్చుకుని అడిగాడు.

"అన్నీ చెప్పావు గానీ, నావి ఎందుకు ఆగిపోయాయమ్మాయ్?"

"అది వచ్చే పాఠంలో ఉంది, మేస్త్రి గారూ. ఇంకా చెప్పలేదు."

"సరే. వచ్చే పాఠం దాకా ఆగుదాం," అని కళ్ళు మూసుకున్నాడు.

వచ్చే పాఠం ఆమె ఎప్పుడో చదివేసింది. కారణాలు ఒక పేజీ, లక్షణాలు ఒక పేజీ, ఆ తర్వాత ఏమవుతుందో ఆరు వరుసలు. ఆ ఆరు వరుసలూ చీటీ రాసుకోకుండానే నోటికొచ్చాయి.

పన్నెండింటికి డ్యూటీ దిగి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, వీధి దాటి చదువుల భవనానికి నడిచింది. మెట్ల మీద పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి చివరి నిమిషం చదువు చదువుతున్నారు. "పెద్దక్కా, చదివేశావా?" అని ఒక పిల్ల పలకరించి, జవాబు వినకుండానే పక్కపిల్ల వైపు తిరిగింది. పొగరు కాదు, వయసు. ఆమె లోపలికి వెళ్ళి నల్లబల్ల పక్కన, ఎప్పుడూ తాను ఒక్కతే కూర్చునే బెంచీ మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్నది రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

నోటి పరీక్ష పెట్టే టీచరమ్మ తనకన్నా ఆరేడేళ్ళు చిన్నది. ముందు గుండె గురించి అడిగింది. ఆమె అక్కడ తడబడి, ఎడమ కవాటాన్ని కుడికీ కుడిదాన్ని ఎడమకీ మార్చేసింది. ఊపిరితిత్తుల దగ్గర సగం చెప్పి ఆగిపోయింది. టీచరమ్మ కలం కాగితం మీద చప్పుడు చేయకుండా ఏవో అంకెలు వేస్తోంది.

"మూత్రపిండాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మూత్రంలో చక్కెర ఎందుకు ఉండదు?"

"మొదట మొత్తం వడకట్టులో బయటికొచ్చేస్తుంది మేడం. తర్వాత గొట్టంలో ఉన్నదాన్ని ఉన్నట్టు వెనక్కి తీసుకుంటాయి. శరీరానికి కావలసింది కదా."

"మరి చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకి ఎందుకు వస్తుంది?"

ఆ వరుస పుస్తకంలో కుడివైపు పేజీలో కింద ఉందని గుర్తుంది. ఏముందో గుర్తులేదు. ఇంగ్లీషు మాట కోసం వెతకడం మానేసి, మేస్త్రికి చెబుతున్నాననుకుని నోరు తెరిచింది.

"లోపలికి మోసేవాళ్ళు ఇంతమందే ఉంటారు మేడం. సామాను వాళ్ళ శక్తికి మించితే, మోసినంత మోసి మిగిలింది గడప బయటే వదిలేస్తారు. అది బయటికి పోతుంది."

టీచరమ్మ కలం ఆపింది. "ఆ మట్టాన్ని ఏమంటారు? శక్తికి మించే ఆ మట్టాన్ని?"

"పేరు రావట్లేదు మేడం."

"రీనల్ థ్రెషోల్డ్. థ్రెషోల్డ్ అంటే ఏంటో తెలుసా మీకు?"

"లేదు మేడం."

"గడప," అంది టీచరమ్మ, నవ్వుతూ. "పేరు కూడా మీరే చెప్పేశారు, మీకే తెలియలేదు."

యాభై రెండు వచ్చాయి. కాగితం మీద ఆ అంకెను రెండుసార్లు చూసుకుంది. బయట పిల్లలు కేరింతలు కొడుతూ ఫోన్లు చెవులకు పెట్టుకున్నారు. ఆమె కూడా ఫోను తీసి అన్న నంబరు నొక్కింది. వదిన ఎత్తింది.

"ఆయన పనిలో ఉన్నారమ్మా. ఏంటి విశేషం?"

"ఏం లేదు వదినా, ఊరికే. అందరూ బాగున్నారా?"

"బాగానే ఉన్నాం. సరే, పొయ్యి మీద కూర ఉంది, మళ్ళీ మాట్లాడదాం."

ఫోను సంచిలో వేసుకుంది. ఇలాంటి రోజుల్లో నేరుగా గదికి వెళ్ళి, బట్టలు ఉతుక్కుని, చీకటి పడకముందే తిని పడుకోవడం అలవాటు. ఇవాళ కాళ్ళు ఆసుపత్రి వైపు నడిచాయి. అడుగు వేగం పెరిగిందని మెట్లెక్కాక ఆయాసంతో తెలిసింది. ముందు అంకె చెప్పాలా, గడప సంగతి చెప్పాలా అని వార్డు తలుపు దాకా ఆలోచిస్తూనే వచ్చింది.

మేస్త్రి మంచం చుట్టూ తెర లాగి ఉంది.

పెద్ద సిస్టర్ బల్ల దగ్గర నుంచి తల ఎత్తింది. "అరగంటైంది. నిద్రలోనే. బాధేం పడలేదు." ఆమె తెర వైపు అడుగు వేయడం చూసి, "నీకు డ్యూటీ లేదుగా, ఇంటికెళ్ళు. సాయంత్రం ఆయా వచ్చాక చేస్తుంది," అంది.

"నేను చేస్తాను సిస్టర్."

బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పట్టుకొచ్చింది. చల్లటివైనా ఒకటేనని తెలుసు. ముఖం, మెడ, చెవుల వెనక, ఒక్కో వేలి సందు, సగం గోరున్న ఆ బొటనవేలు, అన్నీ తుడిచింది. వీపు తుడవడానికి పక్కకు తిప్పినప్పుడు ఒక్కసారి అతని తల ఆమె మోచేతి మీద ఆనింది. ఎక్కడా పుండు పడలేదు. సంచిలో మిగిలినదాన్ని జాడీలోకి వదిలి, మోకాళ్ళూని కూర్చుని గీత చదివింది. పదిహేను. చార్టులో వేసింది.

"వచ్చే పాఠం నేను చదివాను, మేస్త్రి గారూ," అంది మెల్లగా. "పొద్దున అబద్ధం చెప్పాను." ఇంకేమైనా అనాలనుకుంది గానీ తెర అవతల ఎవరో నీళ్ళు అడిగారు. వెళ్ళి ఇచ్చి వచ్చింది.

మంచం ఖాళీ చేశాక పెద్ద సిస్టర్ పిలిచింది. "పరీక్ష ఏమైంది?"

"పాసయ్యాను సిస్టర్."

"మంచిది. ఆయన మంచం పక్క అలమరలో ఉన్నవి తీసి లిస్టు రాయి. బంధువులెవరైనా వస్తే ఇవ్వాలి."

తీసింది. చొక్కా ఒకటి, లుంగీ ఒకటి, తువ్వాలు, దువ్వెన. చొక్కా మడతపెడుతుంటే జేబులో ఏదో తగిలింది. నల్లటి రబ్బరు చక్రం, రూపాయి బిళ్ళంత, మధ్యలో చిల్లు.

"అదేంటి?"

"వాషరు సిస్టర్. కుళాయి కారకుండా లోపల వేస్తారు. కొత్తదే."

"అది కూడా రాయాలా?" అని సిస్టర్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "రాయి. పారేయడానికి మనమెవరం? చిన్నది, పోతుంది. కవర్లో పెట్టు."

బట్టలు, దువ్వెన సంచిలో కట్టింది. లిస్టు చివరి వరుసలో 'రబ్బరు వాషరు, ఒకటి' అని రాసి, సంతకం చేసి, కవరు అంటించి, పైన మంచం నంబరు వేసి సిస్టర్ బల్ల పక్క అలమరలో పెట్టింది. పలచటి గోధుమరంగు కాగితం కింద వాషరు గుండ్రంగా ఉబ్బెత్తుగా కనబడుతోంది.