దుకాణం ఎవరి పేరున ఉంది?

ఆయన్ని అందరూ రూల్స్ తాత అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికుంది! మోటార్లు చుట్టే మెకానిక్కుల సందేశాల బోర్డు ఆయన ముందుగదిలోని పాత కంప్యూటరు మీదే నడుస్తుంది. ఎక్కడెక్కడి మెకానిక్కులో ఫోను తీగ మీదుగా దానికి తగులుకుని, కాలిపోయిన మోటారుకు ఎన్ని చుట్లు చుట్టాలి, ఏ గేజి తీగ వాడాలి అని అడుగుతారు. తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. మొదలుపెట్టిన రోజున ఉన్నది ఒకటే నిబంధన: మర్యాదగా మాట్లాడండి. పదకొండేళ్లలో అవి నలభై ఒకటయ్యాయి.

ఒక్కో నిబంధన వెనకా ఒక్కో రభస ఉంది. తీగ అమ్ముకునే ఏజెంట్లు మెకానిక్కులమని చెప్పి దూరి ధరల పట్టీలు గుమ్మరిస్తే మూడోది పుట్టింది: దుకాణం ఎవరి పేరున ఉంటే వాళ్లకే చేరిక. ఒకాయన పేరుతో వాళ్ల బావమరిది తప్పుడు లెక్క రాసి, అది నమ్మి చుట్టిన ఆరు మోటార్లు పొగ కక్కితే ఏడోది పుట్టింది: ఎవరి పేరుతో వాళ్లే రాయాలి, తప్పితే ఆ పేరు కొట్టేసి కారణంతో సహా మొదటి పేజీలో వేస్తారు. చేరేటప్పుడు వీటిని చదివే నాథుడు లేడు. పక్కవాడు తప్పినప్పుడు మాత్రం అందరికీ కంఠతా వస్తాయి. తీర్పులు చెప్పీ చెప్పీ తాత ప్రాణం విసిగిపోయింది. ఈ మధ్య పొద్దున్నే కంప్యూటరు పెట్టాలంటేనే నీరసం వస్తోంది.

ఆ సోమవారం వచ్చిన ఫిర్యాదు ఏడో నిబంధన మీద. రాసినవాడు ఇన్‌స్పెక్టరు. అది ఉద్యోగం కాదు, ప్రతిదాంట్లో తప్పు వెతుకుతాడని తోటివాళ్లు పెట్టిన పేరు.

"చుట్ల మేస్త్రి పోయి ఏడాది దాటింది. వాళ్ల పక్క దుకాణంలో నా చెవులతో విన్నాను. మరి మొన్న నాకు జవాబు రాసింది ఎవరు?"

నిజానికి ఇన్‌స్పెక్టరు ఆ ఊరు వెళ్లింది ఆ జవాబుకు మేస్త్రిని కలిసి కృతజ్ఞత చెప్పుకుందామని. మంచిమాట చెప్పడానికి పోయి ఫిర్యాదు మోసుకొచ్చాడు, అలాంటి మనిషి.

తాత ఆ ఫిర్యాదు రెండుసార్లు చదివాడు. మేస్త్రి అంటే బోర్డుకే వెన్నెముక. ఆ పేరుతో నాలుగువందల పైచిలుకు జవాబులున్నాయి, ఒక్కటీ తప్పు పోలేదు. కానీ నిబంధన నిబంధనే. వారంలో సంజాయిషీ ఇవ్వాలని నోటీసు పంపాడు.

మూడోరోజు పొద్దున ఒకామె వచ్చి తలుపు తట్టింది. యాభై అయిదేళ్లుంటాయి. వేళ్ల చివర్లు మోటారు చుట్లకు పూసే వార్నిష్ పట్టి గోధుమరంగుకు తిరిగాయి.

"నేను మేస్త్రిగారి భార్యనండీ, బాబాయిగారూ."

తాత కుర్చీ చూపించి, అడగక తప్పదన్నట్టు అడిగాడు. "ఏడాదిగా రాస్తున్నది నువ్వేనామ్మా?"

"ఏడాదిగా కాదండీ. ఆయన రాసింది మొదటి ఇరవై రోజులే. ఈ డబ్బా ముందు కూర్చుంటే ఆయనకి చిరాకు. లెక్క నేను కట్టేదాన్ని, ఆయన చుట్టి చూసి సరే అన్నాకే రాసేదాన్ని. ఇప్పుడు చుట్టి చూసుకునేది కూడా నేనే."

"నీ పేరుతో చేరొచ్చుగా తల్లీ! నాకీ పాట్లు తప్పేవి."

ఆమె మెల్లగా అంది. "అడిగానండీ. తొమ్మిదేళ్లయింది. మీరే కాదన్నారు."

తాత పాత దరఖాస్తుల ఫైలు దించి దుమ్ము దులిపాడు. ఉంది. చుట్టిన మోటార్ల వివరాలు రెండు పేజీలు, పొందికైన చేతిరాత. కింద ఒకే ఒక్క వాక్యం, ఆయన సంతకం: "దుకాణం మీ పేరున లేదు కాబట్టి అర్హత లేదు." ఆ వాక్యం రాసినట్టే ఆయనకు గుర్తు లేదు. అది ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

"ఇప్పుడు దుకాణం ఎవరి పేరున ఉంది?" ఆశగా అడిగాడు.

"మా మరిదిగారి పేరున."

తాత నిట్టూర్చాడు. ఎటు చూసినా తను కట్టిన గోడే.

"నేను చేరడానికి రాలేదు బాబాయిగారూ," అందామె. "నన్ను తీసేయండి, పర్లేదు. ఆయన పేరు మాత్రం మొదటి పేజీలో వేయకండి. మోసం చేశాడని వేస్తే ఊళ్లో పని ఇచ్చేవాళ్లు కూడా అదే అనుకుంటారు. ఆయన జన్మలో ఎవర్నీ మోసం చేయలేదు."

నలభై రెండో నిబంధన రాసి దీన్ని చక్కబెట్టవచ్చు. 'మేస్త్రుల భార్యలకు మినహాయింపు' అని ఓ ముక్క చాలు. కానీ దాని మీద రేపు మళ్లీ ఓ రభస, ఆ రభసకు మళ్లీ ఓ నిబంధన. తాతకు ఇక ఓపిక లేదు. సిగ్గు మాత్రం బోలెడంత ఉంది.

కంప్యూటరు ముందు కూర్చుని మూడో నిబంధన కొట్టేశాడు. మేస్త్రి జవాబుల జోలికి పోలేదు. మొదటి పేజీ తెరిచి, తీసేసిన వాళ్ల పేర్ల కింద రెండు వేళ్లతో టైపు చేశాడు: "రూల్స్ తాత. కారణం: పని వచ్చిన మనిషిని దుకాణం లేదని తిప్పి పంపాడు. ఆమె తొమ్మిదేళ్లు చాటుగా రాయాల్సి వచ్చింది ఇతని వల్లే. ఈ కుర్చీ ఎవరికి కావాలంటే వాళ్లు రండి."

ఆమె లేచి వచ్చి చదివింది. "అయ్యో, అలా రాయకండి! నలుగురూ మిమ్మల్ని ఏమనుకుంటారు?"

"అననీలేమ్మా. నేను అందర్నీ అన్నవాణ్నేగా." మోకాళ్లు పట్టుకుని లేచి కుర్చీ ఆమెవైపు జరిపాడు. "కూర్చో. నోటీసు పంపినప్పట్నుంచీ పదిహేడు ప్రశ్నలు పడున్నాయి. రాయి."

ఆమె జంకుతూ కూర్చుంది. మొదటి ప్రశ్న చదవగానే జంకు పోయింది. జవాబు గబగబా టైపు చేసింది. కింద పేరు రాసేచోట వేళ్లు అలవాటుగా భర్త పేరే టైపు చేసేశాయి. ఆగి, ఒక్కో అక్షరమే చెరిపింది. తర్వాత తన పేరు మొదలుపెట్టింది. అది పూర్తి చేయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.